రెజిమెంట్, బ్రిగేడ్, కోర్: గెటిస్‌బర్గ్‌కి నడిచిన రెండు సైన్యాల లోపలి అమరిక

క్లుప్తంగా

అమెరికా అంతర్యుద్ధంలో, 1863 వేసవిలో పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ ఊరి దగ్గర తలపడిన ఉత్తరాది, దక్షిణాది సైన్యాలు చాలావరకు ఒకే నమూనాలో కట్టినవి. కంపెనీలు కలిస్తే రెజిమెంట్, రెజిమెంట్లు కలిస్తే బ్రిగేడ్, ఆపైన డివిజన్, దానిపైన కోర్. తేడా అంతా ఒక్కో అంచె ఎంత పెద్దది, దాని మీద ఉన్న అధికారి హోదా ఏంటి, ఫిరంగులు ఎవరి మాట వింటాయి, తిండి ఎలా వస్తుంది అన్న దగ్గరే ఉంది. గెటిస్‌బర్గ్ మూడు రోజుల్లో (జులై 1 నుంచి 3 దాకా) పేరుమోసిన గొడవల్లో చాలా వాటికి మూలం ఒక అంచెకీ ఇంకో అంచెకీ మధ్య ఉన్న అతుకుల్లో దొరుకుతుంది.

రాళ్ల దగ్గర తికమక

వాషింగ్టన్ చుట్టుపక్కల, ఉత్తర వర్జీనియాలో, మేరీలాండ్‌లో ఉండే తెలుగువాళ్లకి గెటిస్‌బర్గ్ అంటే పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చే దూరం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు చూపించే చోట్లలో అదీ ఒకటి. ఆ మైదానంలో 1,300కి పైగా స్మారకాలు, గుర్తు రాళ్లు ఉన్నాయి. చాలావాటి మీద ఫలానా రెజిమెంట్, ఫలానా బ్రిగేడ్, ఫలానా డివిజన్, ఫలానా కోర్ అని వరసగా చెక్కి ఉంటుంది. నాలుగైదు రాళ్లు చదివేసరికి ఓపిక అయిపోతుంది. ఒక రెజిమెంట్‌లో 262 మంది అని ఉంటే ఇంకో రెజిమెంట్‌లో 800 మంది అంటారు, ఒక పక్షం బ్రిగేడ్లకి నంబర్లు, ఇంకో పక్షం బ్రిగేడ్లకి మనుషుల పేర్లు.

మనవాళ్లకి ఇంకో చిక్కు కూడా ఉంది. భారత సైన్యంలో రెజిమెంట్ అంటే, ఉదాహరణకి మద్రాస్ రెజిమెంట్ అంటే, చాలా బెటాలియన్లున్న పెద్ద కుటుంబం. యుద్ధానికి కదిలేది ఆ కుటుంబంలోని ఒక్కో బెటాలియన్ విడిగా. 1863 నాటి అమెరికన్ వాలంటీర్ పదాతిదళంలో మాత్రం రెజిమెంట్ అంటే మామూలుగా ఒకటే బెటాలియన్. మన పాత తెలుగులో పటాలం అంటామే, అదే. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే సగం తికమక వదిలిపోతుంది.

ఊరే కంపెనీ

యుద్ధం మొదలయ్యేనాటికి అమెరికా స్థిర సైన్యం మొత్తం సుమారు 16,000 మంది, వాళ్లలోనూ ఎక్కువమంది పశ్చిమ సరిహద్దు కోటల్లో చెల్లాచెదురుగా ఉన్నారు. 1861 ఏప్రిల్ 15న లింకన్ 75,000 మందిని 90 రోజుల కోసం పిలిచాడు. తర్వాత ఆ లెక్కలు లక్షల్లోకి, గడువు మూడేళ్లలోకి వెళ్లాయి. అంత పెద్ద సైన్యాన్ని పైనుంచి కట్టగల యంత్రాంగం కేంద్రం దగ్గర లేదు, అందుకని సైన్యం కింది నుంచి పుట్టింది. ఊళ్లో పలుకుబడి ఉన్న లాయరో, వ్యాపారో, బడిపంతులో వంద మందిని పోగుచేస్తే కంపెనీ. పది కంపెనీలు కలిస్తే కాగితం మీద సుమారు వెయ్యి మందితో రెజిమెంట్. దాన్ని రాష్ట్ర గవర్నర్ కేంద్రానికి అప్పగిస్తాడు, రాష్ట్రం పేరు, వరస నంబరు తగిలిస్తాడు. 20వ మెయిన్, 1వ మిన్నెసోటా, 26వ నార్త్ కరోలినా అలా వచ్చిన పేర్లే. కంపెనీలకి ఏ నుంచి కె దాకా అక్షరాలు ఇచ్చేవాళ్లు, మధ్యలో జె మాత్రం వాడలేదు, చేతిరాతలో ఐ, జె ఒకేలా కనబడతాయని.

కెప్టెన్లని, లెఫ్టినెంట్లని చాలా చోట్ల సిపాయిలే ఓట్లేసి ఎన్నుకున్నారు. ఇప్పుడు వింటే వింతగా ఉంటుంది గానీ, పక్కింటివాడి మాట ఎందుకు వినాలి అన్న ప్రశ్నకి అప్పట్లో అంతకంటే మంచి జవాబు దొరకలేదు. ఈ పద్ధతి వల్ల లాభమూ ఉంది, నష్టమూ ఉంది. వరసలోంచి పారిపోతే ఆ సంగతి ఊరంతటికీ తెలుస్తుంది కాబట్టి మనిషి నిలబడేవాడు. అదే కారణంగా ఒక మధ్యాహ్నం దెబ్బకి ఒక ఊరి కుర్రాళ్లంతా పోయిన సందర్భాలూ ఉన్నాయి. 26వ నార్త్ కరోలినా జులై 1న 800 మందికి పైగా దిగి, ఒక్కరోజులో 500 మందికి పైగా పోగొట్టుకుంది, దాని కల్నల్ హెన్రీ బర్గ్విన్ వయసు 21.

అసలు రెజిమెంట్‌కి వెయ్యి మందే ఎందుకు అన్నదానికి జవాబు యుద్ధం చేసే తీరులో ఉంది. సిపాయిలు రెండు వరసల్లో మోచేతికి మోచేయి తగిలేలా నిలబడేవాళ్లు. మనిషికి రెండడుగుల చొప్పున లెక్కేస్తే 400 మంది రెజిమెంట్ సుమారు 400 అడుగుల గీత. తుపాకుల మోతలో, తుపాకిమందు పొగలో ఒక కల్నల్ గొంతు, డప్పు చప్పుడు, పైకెత్తిన జెండా, ఈ మూడూ చేరగలిగే దూరం ఇంచుమించు అంతే. నిండు వెయ్యి మందితో ఉన్న కొత్త రెజిమెంట్‌ని యుద్ధంలో తిప్పడం నిజానికి చాలా కష్టంగా ఉండేది.

వెయ్యి మంది మూడొందలు ఎలా అయ్యారు

1863కి వచ్చేసరికి రెండు వైపులా రెజిమెంట్లు సగటున 300 నుంచి 400 మందికి దిగిపోయాయి. తూటాల కంటే విరేచనాలు, టైఫాయిడ్, తట్టు ఎక్కువమందిని తీసుకుపోయాయి. అయితే ఉత్తరాదిలో ఇంకో కారణం ఉంది, అది పూర్తిగా చేజేతులా చేసుకున్నది. ఖాళీలు నింపడానికి పాత రెజిమెంట్లకి కొత్తవాళ్లని పంపకుండా, చాలా రాష్ట్రాలు కొత్త రెజిమెంట్లనే కట్టాయి. ఎందుకంటే కొత్త రెజిమెంట్ అంటే కొత్త కల్నల్, కొత్త మేజర్, పది మంది కొత్త కెప్టెన్లు, అంటే గవర్నర్ పంచిపెట్టగల పదవులు. విస్కాన్సిన్ లాంటి ఒకట్రెండు రాష్ట్రాలు మాత్రం పాతవాటిని నింపుతూ వచ్చాయి, అందుకే ఒక విస్కాన్సిన్ రెజిమెంట్ మామూలు బ్రిగేడ్‌తో సమానమని జనరల్ షెర్మన్ తర్వాత రాసుకున్నాడు.

ఫలితం ఎలా ఉండేదంటే, ఐరిష్ బ్రిగేడ్‌లో ఐదు రెజిమెంట్ల జెండాలున్నాయి, గెటిస్‌బర్గ్‌కి వచ్చిన మనుషులు మాత్రం అన్నీ కలిపి సుమారు 530. ఒక నిండు రెజిమెంట్‌లో సగం.

గడువుల తలనొప్పి వేరే. 1861లో రెండేళ్లకి చేరిన న్యూయార్క్ రెజిమెంట్లు, 1862లో తొమ్మిది నెలలకి చేరినవి, సరిగ్గా 1863 మే, జూన్‌లలో ఇళ్లకి బయల్దేరాయి. శత్రువు ఉత్తరానికి కదులుతున్న వారాల్లోనే సైన్యం వేలమందిని అలా వదులుకుంది. 2వ మెయిన్ రెజిమెంట్ ఇంటికి వెళ్తుంటే, అందులో మూడేళ్ల కాగితం మీద సంతకం చేసిన 120 మందిని మాత్రం వెళ్లనివ్వలేదు. మమ్మల్ని మోసం చేశారంటూ వాళ్లు డ్యూటీకి మొండికేశారు. కాపలా మధ్య వాళ్లని 20వ మెయిన్‌కి అప్పగిస్తే, దాని కల్నల్ జాషువా చాంబర్లెయిన్ ముందు తిండి పెట్టించి, తర్వాత వేర్వేరు కంపెనీల్లో సర్దాడు. జులై 2న లిటిల్ రౌండ్ టాప్ గుట్ట మీద నిలబడిన ఆ 386 మందిలో వీళ్లలో చాలామంది ఉన్నారు.

నిర్బంధ సేవ విషయంలో దక్షిణాది ఏడాది ముందుంది, 1862 ఏప్రిల్‌లోనే చట్టం చేసింది. ఉత్తరాది చట్టం 1863 మార్చిలో వచ్చింది. 300 డాలర్లు కడితే మినహాయింపు, లేదా బదులు మనిషిని పెట్టుకోవచ్చు. గెటిస్‌బర్గ్ అయిన పది రోజులకే న్యూయార్క్ నగరంలో దాని మీద అల్లర్లు చెలరేగాయి.

ఇక్కడ లెక్కల గురించి ఒక మాట. సైన్యం పుస్తకాల్లో మొత్తం పేర్లు, హాజరున్నవాళ్లు, డ్యూటీకి పనికొచ్చేవాళ్లు అని వేర్వేరు గడులు ఉండేవి. దక్షిణాది అధికారులు చాలాసార్లు అధికారుల్ని కూడా తీసేసి, తుపాకీ పట్టే సిపాయిల్నే చెప్పేవాళ్లు. ఒకరి మొదటి గడిని ఇంకొకరి చివరి గడితో పోల్చి పుట్టిన వాదనలు ఇప్పటికీ నడుస్తున్నాయి. గెటిస్‌బర్గ్‌లో ఉత్తరాదికి సుమారు 93,000, దక్షిణాదికి 70,000 నుంచి 75,000 అన్నది మామూలుగా ఒప్పుకునే అంచనా.

నంబర్లు ఒకవైపు, పేర్లు ఒకవైపు

నాలుగైదు రెజిమెంట్లు కలిస్తే బ్రిగేడ్. రెండు మూడు బ్రిగేడ్లు కలిస్తే ఉత్తరాదిలో డివిజన్, దక్షిణాదిలో అయితే నాలుగైదు. ఉత్తరాది సేనాని మీడ్ సైన్యంలో 19 పదాతి డివిజన్లు ఉంటే దక్షిణాది సేనాని లీ దగ్గర తొమ్మిదే, కాకపోతే లీ డివిజన్ ఒక్కోటి మీడ్ డివిజన్‌కి రెట్టింపు దాకా ఉండేది. డివిజన్ అన్న ఒకే మాటని రెండు వైపులా ఒకే సైజుగా ఊహించుకుంటే యుద్ధం మొత్తం తప్పుగా అర్థమవుతుంది.

దక్షిణాది బ్రిగేడ్లని వీలైనంతవరకు ఒకే రాష్ట్రం రెజిమెంట్లతో కట్టారు. బ్రిగేడ్లకైనా డివిజన్లకైనా కమాండర్ పేరే పేరు, హుడ్ డివిజన్, పికెట్ డివిజన్ అని. మనిషి చనిపోయినా, మారినా పేరు కొన్నాళ్లు అలాగే అతుక్కుని ఉండేది. ఉత్తరాదివాళ్లు నంబర్లిచ్చారు, రాష్ట్రాలని కలగలిపారు. 1863 మార్చిలో అప్పటి సేనాని జనరల్ హుకర్ టోపీల మీద గుడ్డ బ్యాడ్జీలు పెట్టించాడు. 1వ కోర్‌కి వృత్తం, 2వ దానికి మూడాకుల గుర్తు, 3వ దానికి డైమండ్, 11వ దానికి నెలవంక, 12వ దానికి నక్షత్రం. మొదటి డివిజన్ అయితే ఎరుపు, రెండోది తెలుపు, మూడోది నీలం. చూడ్డానికి అలంకారంలా ఉంటుంది కానీ, దారి తప్పిన సిపాయిని వెనక్కి పంపడానికైనా, రోడ్డు పక్కన కూలబడ్డవాడు ఎవరి మనిషో తెలుసుకోవడానికైనా, చదువు రానివాడు కూడా ఒక్క చూపులో పోల్చుకోగల పద్ధతి అది.

లీకి మూడు, మీడ్‌కి ఏడు

అసలు కథ కోర్ దగ్గర ఉంది. ఒక సేనాని రోజుకి ఎంతమందికి ఉత్తర్వులు రాయగలడు, ఎంతమంది దగ్గర్నుంచి కబుర్లు వినగలడు అన్నదానికి హద్దు ఉంటుంది. ఆ హద్దుకి సమాధానంగా పుట్టిన అంచె అది. పదుల సంఖ్యలో బ్రిగేడ్లకి విడివిడిగా రాసే బదులు, అన్ని రకాల బలగాలున్న చిన్న సైన్యాలుగా విడగొట్టి, ఒక్కో దాన్ని ఒక్కో రోడ్డు మీద నడిపించి, యుద్ధం వేళకి ఒకచోటికి తెచ్చుకోవడం. నెపోలియన్ కాలంలో బాగా పదునెక్కిన పద్ధతి ఇది. ఉత్తరాదిలో జనరల్ మెక్‌క్లెలన్ దీన్ని వాయిదా వేస్తుంటే 1862 మార్చిలో లింకనే ఉత్తర్వు వేసి కోర్‌లు పెట్టించాడు. దక్షిణాదిలో చట్టపరంగా ఆ ఏడాది శరదృతువులో గానీ రాలేదు.

1863 మే 10న లీ కోర్ కమాండర్ స్టోన్‌వాల్ జాక్సన్ చనిపోయేనాటికి లీ సైన్యంలో రెండే కోర్‌లు, ఒక్కోటి సుమారు 30,000 మందితో. అడవుల నేలలో అంతమందిని ఒక్క మనిషి తిప్పలేడని లీ తన అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌కి రాసి, మూడు కోర్‌లుగా మార్చాడు. లాంగ్‌స్ట్రీట్ పాతవాడు. యూవెల్, ఏ.పి. హిల్ ఇద్దరూ ఆ హోదాకి కొత్త. అంటే గెటిస్‌బర్గ్‌కి బయల్దేరిన సైన్యంలో మూడింట రెండొంతుల పదాతిదళం కొత్త పగ్గాల కింద నెల తిరక్కుండానే కదిలింది. లీ ఉత్తర్వులు రాసే తీరు మాత్రం మారలేదు. ఏం కావాలో చెప్పి, ఎలా చేయాలో కింది మనిషికి వదిలేయడం. జాక్సన్‌తో అది అద్భుతంగా పనిచేసింది. జులై 1 సాయంత్రం, వీలైతే ఎదురుగా ఉన్న సెమెటరీ హిల్ గుట్టని పట్టుకో, పెద్ద పోరుకి మాత్రం దిగకు అన్న మాట యూవెల్‌కి చేరింది. ఆయన వీలు కాదనుకుని ఆగిపోయాడు. ఆ నిర్ణయం మీద 160 ఏళ్లుగా వాదనలు జరుగుతున్నాయి. కానీ అమరిక కోణం నుంచి చూస్తే తప్పు ఒక్క యూవెల్ మీదకి నెట్టలేం. 1862లో కొన్ని నెలలు జాక్సన్ కింద ముక్కుసూటి ఆజ్ఞలకి అలవాటుపడ్డ మనిషికి, ఉన్నట్టుండి వీలైతే అన్న మాట ఎన్నో రకాలుగా వినిపిస్తుంది. పైగా లీ దగ్గర ఉత్తర్వులు రాసి, పంపి, అమలవుతోందా అని వెంటపడి చూసే సొంత సిబ్బందిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అవతల మీడ్ కష్టం సరిగ్గా దీనికి తిరగేసినది. ఆయన కింద 1, 2, 3, 5, 6, 11, 12 అని ఏడు పదాతి కోర్‌లు, పైన ఒక అశ్విక కోర్, రిజర్వు ఫిరంగులు. ఒక్కో కోర్ సగటున 12,000 దాటదు. చిన్నవి కాబట్టి తిప్పడం తేలిక, కానీ తొమ్మిది మందికి ఒకే మనిషి ఉత్తర్వులు రాయాలి. జూన్ 28 తెల్లవారకముందే ఆయన్ని నిద్రలేపి సైన్యం మొత్తం చేతిలో పెట్టారు, మూడో రోజున యుద్ధం. ఆ భారం తగ్గించుకోవడానికి మీడ్ కోర్‌లని జతచేసి రెక్కలుగా విడగొట్టాడు. ఎడమ రెక్క, అంటే 1, 3, 11 కోర్‌లు, జనరల్ రెనల్డ్స్ చేతిలో. ఆ రెనల్డ్స్ జులై 1 పొద్దున్నే తూటా తగిలి చనిపోయాడు.

రెక్క అన్నది స్థిరమైన అంచె కాదు, తాత్కాలిక సర్దుబాటు. అందుకే అదెప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో అందరికీ ఒకేలా తెలియదు. 12వ కోర్ కమాండర్ స్లోకమ్ తాను కుడి రెక్క మొత్తానికి అధిపతిననే అనుకుని, తన కోర్‌ని ఆల్ఫియస్ విలియమ్స్‌కి అప్పగించేశాడు, యుద్ధమంతా అలాగే నడిచింది. మీడ్ మాత్రం ఆయన్ని కోర్ కమాండర్‌గానే లెక్కేస్తున్నాడు. రాత్రి జనరళ్లందరూ చిన్న లైస్టర్ ఇంట్లో ఇరుక్కుని సమావేశమైనప్పుడు స్లోకమూ వచ్చాడు, విలియమ్సూ వచ్చాడు.

హోదా, సీనియారిటీ, టెన్షన్

దక్షిణాదిలో ఈ విషయం శుభ్రంగా ఉంది. బ్రిగేడ్‌కి బ్రిగేడియర్ జనరల్, డివిజన్‌కి మేజర్ జనరల్, కోర్‌కి లెఫ్టినెంట్ జనరల్, సైన్యానికి జనరల్. మన సైన్యంలో ఇవాళ ఉన్న నిచ్చెన కూడా దాదాపు ఇదే. ఉత్తరాదిలో 1864 దాకా మేజర్ జనరల్ మీద మెట్టే లేదు. డివిజన్ నడిపేవాడు, కోర్ నడిపేవాడు, మొత్తం సైన్యం నడిపే మీడ్, అందరూ కాగితం మీద ఒకే హోదా. మరి ఎవరి మాట ఎవరు వినాలి? ఎవరికి ముందు ఆ హోదా వచ్చింది అన్న తేదీ చూడాలి. మీడ్ కింద ఆయనకంటే ముందు తేదీ ఉన్న కోర్ కమాండర్లు ఉన్నారు.

అందుకే కమాండ్ ఇచ్చేటప్పుడే, తేదీలు పట్టించుకోకుండా ఎవరినైనా ఎక్కడైనా పెట్టుకునే అధికారం వాషింగ్టన్ మీడ్‌కి రాసిచ్చింది. రెనల్డ్స్ పోయాడని తెలియగానే ఆయన 2వ కోర్ కమాండర్ హాంకాక్‌ని మైదానానికి పంపాడు. అక్కడ అప్పటికే ఉన్న 11వ కోర్ కమాండర్ హోవర్డ్ ఆయనకంటే సీనియర్. ఇద్దరి మధ్యా కాసేపు ఇబ్బందికరమైన మాటలు నడిచాయి, చివరికి నేల చూసి సర్దుకున్నారు. 1వ కోర్‌ని సీనియారిటీ ప్రకారం డబుల్‌డే నడపాలి, మీడ్ దాన్ని 6వ కోర్ నుంచి తెచ్చిన న్యూటన్‌కి ఇచ్చాడు. అంతకు ముందే అశ్వికదళంలో కస్టర్, మెరిట్, ఫార్న్స్‌వర్త్ అనే ముగ్గురు కెప్టెన్లు మధ్యలో మెట్లన్నీ దాటి నేరుగా బ్రిగేడియర్లయ్యారు, కస్టర్‌కి అప్పటికి 23 ఏళ్లు. ఇంత చేసినా అన్ని అతుకులూ నిలవలేదు. కాంగ్రెస్ సభ్యుడిగా ఉండి రాజకీయ దారిలో జనరల్ అయిన సికెల్స్, జులై 2న తన 3వ కోర్‌ని చెప్పిన గీత మీద కాకుండా ముందుకి, పీచ్ తోట దాకా తీసుకెళ్లాడు. ఆ ఖాళీ పూడ్చడానికి 5వ కోర్, 2వ కోర్, తర్వాత 12వ కోర్ ముక్కలు కూడా పరిగెత్తాల్సి వచ్చింది. చిన్న కోర్‌లు, దగ్గరి దూరాలు ఆ సాయంత్రం కలిసొచ్చాయి. సికెల్స్ కాలు పోయాక 3వ కోర్ కూడా హాంకాక్ కిందకే వచ్చింది.

ఫిరంగులు ఎవరివి

ఉత్తరాది బ్యాటరీలో, అంటే ఫిరంగుల జట్టులో, మామూలుగా ఆరు ఫిరంగులు, అన్నీ ఒకే రకం. దక్షిణాదిలో నాలుగు, తరచూ రెండు మూడు రకాలు కలిసి, అంటే ఒకే బ్యాటరీకి రెండు మూడు రకాల గుండ్లు మోసుకెళ్లాలి. యుద్ధం మొదట్లో బ్యాటరీలని బ్రిగేడ్లకి, డివిజన్లకి పంచేవాళ్లు, దాంతో ఒకచోట పెద్ద దెబ్బ కొట్టాలంటే అవి దొరికేవి కావు. 1863 మేలో ఉత్తరాది వాటిని కోర్‌కి ఒక ఫిరంగి బ్రిగేడ్‌గా చేర్చింది, దానికి తోడు సైన్యాధిపతి చేతిలో వందకి పైగా ఫిరంగుల రిజర్వు ఉంచింది. దక్షిణాది అంతకు ముందే బెటాలియన్ల పద్ధతికి వచ్చింది. కానీ ఈ దండయాత్రకి ముందు ఉమ్మడి రిజర్వుని రద్దుచేసి మూడు కోర్‌లకి పంచేసింది.

జులై 3 మధ్యాహ్నం ఈ తేడా కళ్లకి కట్టింది. దక్షిణాది సుమారు 150 ఫిరంగులు మోగించింది. వాటిని నడిపించే పని యువ కల్నల్ పోర్టర్ అలెగ్జాండర్‌ది, ఆయన అధికారం లాంగ్‌స్ట్రీట్ కోర్ వరకే. పక్క కోర్‌ల ఫిరంగులు ఎప్పుడు, ఎక్కడికి కొట్టాలో గట్టిగా చెప్పే మనిషి లేడు. ఆపైన ఫిరంగుల అధిపతి పెండిల్టన్ మందుగుండు బండ్లని వెనక్కి జరిపించాడు, అవసరానికి అవి అందలేదు. అవతల ఉత్తరాది ఫిరంగుల అధిపతి హెన్రీ హంట్ తన గుండ్లు దాచుకోమని బ్యాటరీలకి చెబుతూ తిరిగాడు, కాల్పులు ఆపితే శత్రువు ఫిరంగులు ధ్వంసమయ్యాయనుకుని ముందుకి వస్తాడని లెక్క. పైవాళ్లకి చెప్పకుండా ఫిరంగికి 20 గుండ్లు అదనంగా మోసే బండ్లు కూడా ఆయన సిద్ధం చేసుకున్నాడు. అయినా అతుకు అక్కడా ఉంది. పదాతి సిపాయిల ధైర్యం నిలవాలంటే ఫిరంగులు మోగాల్సిందేనని హాంకాక్ తన కోర్ బ్యాటరీలని కాల్చమన్నాడు. కోర్‌లో ఉన్న ఫిరంగి కోర్ కమాండర్ మాట వినాలా, ఫిరంగుల అధిపతి మాట వినాలా? యుద్ధం ముగిసి ఏళ్లు గడిచినా ఇద్దరూ ఆ గొడవ వదల్లేదు.

తర్వాత జరిగిన దాడిని పికెట్ పేరుతో పిలుస్తారు గానీ, సుమారు 12,500 మందిలో పికెట్ మనుషులు సగంలోపే. మిగతావి హిల్ కోర్ నుంచి తెచ్చి లాంగ్‌స్ట్రీట్ కింద పెట్టినవి, వాటి అసలు డివిజన్ కమాండర్లు గాయపడటంతో పెటిగ్రూ, ట్రింబుల్ అప్పటికప్పుడు అందుకున్నారు. పికెట్ ముగ్గురు బ్రిగేడ్ కమాండర్లలో గార్నెట్ అక్కడే చనిపోయాడు, ఆర్మిస్టెడ్ రెండు రోజులకి, కెంపర్ తీవ్రంగా గాయపడ్డాడు. అధికారులు వరస ముందు నడవాలన్న ఆచారానికి పడిన ధర అది.

కంచరగాడిద తిండి కూడా లెక్కే

సిపాయికి రోజుకి ఇచ్చే రేషన్ సుమారు మూడు పౌండ్లు. రాయిలాంటి బిస్కెట్లు, ఉప్పుపట్టిన పంది మాంసం లేదా అప్పుడే కోసిన ఎద్దు మాంసం, బీన్స్, కాఫీ, చక్కెర. గుర్రానికి 14 పౌండ్ల ఎండుగడ్డి, 12 పౌండ్ల గింజ. కంచరగాడిదకి కాస్త తక్కువ, మొత్తం 23. ఆరు కంచరగాడిదల బండి మామూలు రోడ్డు మీద సుమారు 2,500 పౌండ్లు లాగుతుంది, ఆ ఆరూ రోజుకి 138 పౌండ్లు తింటాయి. అంటే బండిలో వాటి మేతే నింపినా 18 రోజుల్లో బండి ఖాళీ, రానూపోనూ అయితే తొమ్మిది రోజుల దూరం. రైలు పట్టాల నుంచి, నది రేవు నుంచి సైన్యం ఎందుకు దూరంగా వెళ్లలేకపోయేదో ఈ ఒక్క కూడిక చెబుతుంది.

మీడ్ తన సరుకుల కేంద్రాన్ని 25 మైళ్ల వెనక వెస్ట్‌మిన్‌స్టర్‌లో పెట్టాడు. అక్కడికి వచ్చే రైలు ఒంటి పట్టా, టెలిగ్రాఫ్ లేదు, రైళ్లు పక్కకి తప్పుకునే సైడింగులు లేవు. రైల్వే ఇంజినీర్ హెర్మన్ హాప్ట్ వచ్చి ఐదేసి రైళ్లని ఒక గుంపుగా పంపి, ఖాళీ అయ్యాక ఒకేసారి వెనక్కి రప్పించే పద్ధతి పెట్టి, రోజుకి 15 రైళ్ల దాకా నడిపే ఏర్పాటు చేశాడు. ఇంజిన్లకి నీళ్లు వాగుల్లోంచి బకెట్లతో పోశారు.

లీకి అలాంటి పట్టా లేదు. వర్జీనియా రెండేళ్ల యుద్ధంతో ఊడ్చుకుపోయింది, పెన్సిల్వేనియా పొలాలు ఆ దండయాత్రకి ఒక ముఖ్య కారణం. ఊళ్ల మీద ఇంత పిండి, ఇన్ని బూట్లు, ఇన్ని పశువులు అని జాబితాలు వేసి వసూలు చేశారు, చేతికి దక్షిణాది కాగితం డబ్బు ఇచ్చారు. ఆ సైన్యం అమరికలో ఏ పట్టికలోనూ కనబడని అంచె ఇంకోటి ఉంది. వంట, బండ్లు తోలడం, గుర్రాల పని, ఆసుపత్రి చాకిరీ చేసిన వేలమంది నల్లజాతి బానిసలు. వాళ్లు ఆ పనులు చేయబట్టే అంతమంది తెల్ల సిపాయిలు తుపాకీ పట్టగలిగారు. పెన్సిల్వేనియాలో స్వేచ్ఛగా బతుకుతున్న నల్లవాళ్లని కూడా ఆ సైన్యం పట్టుకుని దక్షిణానికి తోలింది.

రోడ్డు కూడా ఒక అమరికే. జులై 1న లీ సైన్యంలో పెద్ద భాగం చాంబర్స్‌బర్గ్ రోడ్డు ఒక్కదాని మీద పడింది. యూవెల్ కోర్‌లోని జాన్సన్ డివిజన్, దాని వెనక ఆ కోర్ బండ్ల బారు పోయేదాకా లాంగ్‌స్ట్రీట్ మనుషులు రోడ్డు పక్కన గంటల తరబడి కూర్చున్నారు. అవతల 6వ కోర్ రాత్రంతా, మర్నాడు పగలంతా నడిచి 30 మైళ్లకి పైగా దాటి జులై 2 సాయంత్రానికి చేరింది.

గుర్రాలు, గాయాలు

అశ్వికదళం సంగతి అందరూ చెప్పేదే. లీ అశ్వికదళ అధిపతి స్టువర్ట్ మూడు బ్రిగేడ్లతో జూన్ 25న బయల్దేరి శత్రువు చుట్టూ తిరిగి జులై 2 మధ్యాహ్నానికి గానీ లీని చేరలేదు. లీ దగ్గర వేరే అశ్విక బ్రిగేడ్లు లేకపోలేదు, కనుమల దగ్గర కాపలాకి ఉండిపోయాయి. లేనిది కబురు ఏరుకొచ్చి చెప్పే అలవాటైన మనిషి. ఉత్తరాది అదే ఏడాది ఫిబ్రవరిలో గుర్రాలన్నిటినీ ఒక కోర్‌గా చేర్చింది, గూఢచారుల కబుర్లు, ఖైదీల మాటలు, పారిపోయి వచ్చినవాళ్లు చెప్పినవి కలిపి చూసే ఒక చిన్న బ్యూరోని కూడా కల్నల్ షార్ప్ కింద పెట్టింది.

వైద్యం దగ్గర మార్పు ఇంకా లోతైనది. అంతకు ముందు అంబులెన్సులు రెజిమెంట్లవి, మోసేవాళ్లు బ్యాండు వాయించేవాళ్లు. 1862 ఆగస్టులో డాక్టర్ జొనాథన్ లెటర్‌మన్ వాటిని కోర్ కింద, విడిగా శిక్షణ ఉన్న మనుషుల కింద పెట్టాడు. గెటిస్‌బర్గ్‌లో గాయపడ్డవాళ్లు మైదానం మీంచి త్వరగానే కదిలారు. అయితే రోడ్లు ఖాళీగా ఉండాలని మీడ్ మందుగుండు, అంబులెన్సులు తప్ప మిగతా బండ్లని వెనక్కి పంపడంతో, ఆసుపత్రి గుడారాలు కూడా వాటితోనే పోయాయి. సైన్యం లీ వెంట కదిలాక సుమారు 21,000 మంది క్షతగాత్రులకి 106 మంది సైనిక వైద్యులు మిగిలారు. లీ తన గాయపడ్డవాళ్లలో తీసుకెళ్లగలిగినవాళ్లని ఎక్కించిన బండ్ల బారు 17 మైళ్లు సాగింది, వానలో, చాలా బండ్లలో కింద గడ్డి కూడా లేకుండా.

ఆ తర్వాత ఏం మారింది

ఏడు కోర్‌ల సైన్యం మళ్లీ కనబడలేదు. సెప్టెంబరులో 11, 12 కోర్‌లని రైళ్లెక్కించి టెనెస్సీ వైపు పంపారు, 1864 ఏప్రిల్‌లో అవి రెండూ కలిసి 20వ కోర్ అయ్యాయి. మార్చిలో గ్రాంట్ లెఫ్టినెంట్ జనరల్ అయి తూర్పుకి వచ్చాడు, ఆ నెలలోనే మీడ్ సైన్యంలో మిగిలిన ఐదింటిని మూడుగా కుదించారు, 1వ, 3వ కోర్‌లు పట్టికలోంచి పోయాయి. ఉత్తర్వులు రాయాల్సిన చేతులు తగ్గాయి. కానీ ఒక్కో కోర్ 25,000 దరిదాపుకి పెరిగింది, అడవుల నేలలో ఒక్క మనిషి తిప్పలేడని లీ ఏడాది కింద రాసిన సైజుకి దగ్గరగా. మే మొదటి వారంలో వాళ్లు దిగింది కూడా వర్జీనియాలోని వైల్డర్‌నెస్ అనే చిట్టడవిలోకే, పక్క డివిజన్ ఎక్కడుందో తెలియని పోరు అది.

3వ కోర్ మనుషుల్లో చాలామంది 2వ కోర్‌లో కలిశారు. ఆ ఉత్తర్వులోనే పాత గుర్తులు ఉంచుకోవచ్చని రాశారు కాబట్టి, వాళ్లు మూడాకులు కుట్టుకోకుండా టోపీల మీద డైమండే పెట్టుకుని తిరిగారు.